రెవిట్‌లో పక్క గోడ కప్పుదాకా లేవడం లేదా? నా అనుభవం ఇదీ

ఇళ్ల డ్రాయింగులు త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో రెండు వాలుల కప్పు వేస్తే పక్క గోడలు చూరు ఎత్తులోనే ఆగిపోయి, పైన త్రికోణం ఖాళీగా ఉండిపోతోందని, గోడ ఆకారాన్ని చేత్తో మార్చుకునే ‘ఎడిట్ ప్రొఫైల్’లోకి వెళ్లి గోడను త్రికోణంగా గీసేయొచ్చా అని అడిగారు. గీయొచ్చు గానీ దయచేసి ఆ పని చేయకండి. నేను చేసి ఒక రాత్రంతా అనుభవించాను.

అప్పట్లో విశాఖ మధురవాడలో ఒక చిన్న ఆఫీసులో అమెరికా ఇళ్ల డ్రాయింగులు చేసేవాణ్ణి. వాళ్లకు పగలు, మనకు రాత్రి. ఇల్లు 24 అడుగుల వెడల్పు, కప్పు వాలు 12కి 6. అంటే గోడ నుంచి నడిమికి 12 అడుగులు వెళ్లేసరికి కొప్పు, అంటే రెండు వాలులూ కలిసే చోటు, 6 అడుగులు లేస్తుంది. ఇంటికి రెండు త్రికోణాలు, గ్యారేజీకి ఒకటి, వరండాకి ఒకటి, కప్పులోంచి పొడుచుకొచ్చే డార్మర్ కిటికీలకు రెండు. ఆరింటినీ ఎడిట్ ప్రొఫైల్‌లో గీతగీతగా కూర్చుని గీశాను. త్రీడీలో తిప్పి చూసుకుంటే ముద్దొచ్చింది.

రాత్రి ఒంటిగంటన్నరకు మెయిల్ వచ్చింది. ఓనరుకు కప్పు ఇంకాస్త నిటారుగా కావాలట, 12కి 8 చేసి ఇవాళే పంపమన్నారు. ఇదెంత పని అనుకుని కప్పును సెలెక్ట్ చేసి, 6 తీసి 8 కొట్టాను. కప్పు లేచింది, గోడలు కదల్లేదు. ఇంటిని నిలువునా కోసినట్టు చూపే సెక్షన్‌లో చూస్తే ఇంటి కొప్పు కింద సరిగ్గా రెండడుగుల సందు! వెనకాల టీ తాగుతూ నిలబడ్డ మా టీమ్ లీడ్, ఆయనది శ్రీకాకుళం, స్క్రీన్ వైపు చూసి "ఏటి తమ్ముడూ, పిచ్చుకలకి దారొదిలేసేవా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నాకేమో టెన్షన్‌తో చెమటలు.

ఆయనే పక్కన కూర్చుని చూపించాడు. ముందు ‘రీసెట్ ప్రొఫైల్’ కొట్టి నేను గీసిందంతా తీసేశాం. గోడలు సెలెక్ట్ చేసి, ‘అటాచ్ టాప్/బేస్’లో టాప్ పెట్టి, కప్పు మీద ఒక్క క్లిక్. గోడ లేచి వెళ్లి కప్పు అడుగుకు అంటుకుంది. ఆపైన వాలు 8 చేసినా 10 చేసినా గోడ దాని వెంటే వస్తుంది. కొలతలూ, ఇల్లు బయటి నుంచి ఎలా కనిపిస్తుందో చూపే ఎలివేషన్లూ సరిచేసుకునేసరికి నాలుగయింది.

కాబట్టి కప్పు చుట్టు గీతలు గీసి కప్పు వేసే ‘రూఫ్ బై ఫుట్‌ప్రింట్’లో కప్పు గీసి, త్రికోణం రావాల్సిన రెండు వైపుల గీతలకు ‘డిఫైన్స్ స్లోప్’ (ఆ వైపు వాలు రావాలని చెప్పేది) టిక్ తీసేయండి. గోడల్ని పిక్ చేసి గీస్తే, ఫినిష్ కొట్టాక గోడల్ని కప్పుకు అతికించమంటారా అని కొన్నిసార్లు రెవిటే అడుగుతుంది. మనం చదవకుండా నో కొట్టేస్తాం. మీరూ అదే చేసి ఉంటారని నా గట్టి అనుమానం.

అసలు తప్పు కోచింగ్ సెంటర్లది. ద్వారకానగర్‌లో నేను మూడు నెలలు నేర్చుకున్నాను, బటన్ల పేర్లు తప్ప ఏమీ చెప్పలేదు. కొప్పు ఎక్కడ, వాసం దేని మీద ఆనుతుంది, చూరు ఎంత బయటికి రావాలి అన్న ముక్క ఒక్కరూ ఎత్తలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం లెక్కపెట్టి తీరాలి. 12కి 6 నుంచి 12కి 8కి మారితే ఆ ఇంటికి ఒక్కో వాసం చూరు కాకుండానే దాదాపు అడుగు పెరుగుతుంది. పెంకుటింట్లో పెరిగినవాడికి ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఊళ్లో చూడండి, చదును స్లాబు మీద ముందు వైపు మాత్రం ఒక ఉత్తుత్తి త్రికోణం కట్టి ఎర్ర టైల్స్ అతికిస్తున్నారు. ఎలివేషనట!

ఇంకో మాట. ఖాళీ త్రికోణం స్క్రీన్ మీదే కాదు, మా మేడ మీదా ఉండేది. రేకుల షెడ్డుకి రెండు వాలులు వేయించి, పక్కలు కట్టించకుండా "గాలాడుతుంది లేరా" అన్నారు నాన్న. 2014 అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గాలి బాగానే ఆడింది! ఆ సందుల్లోంచి దూరి రేకుల్ని కింది నుంచి తోసింది, పైన వీచేది పైకి లాగింది. రేకుల్ని పట్టి ఉంచే జె హుక్కులు ఒక్కొక్కటీ టప్పుటప్పున ఊడుతుంటే కింద గదిలో కూర్చుని విన్నాం. మధ్యలో కాసేపు గాలి ఆగితే అయిపోయిందనుకున్నాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి కొట్టి మిగిలినవీ పట్టుకుపోయింది. రెండు రేకులు ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు.

మళ్లీ వేయించినప్పుడు నాలుగు వాలులు పెట్టించాను. ఏ దిక్కు గాలినైనా రెండు వాలుల కప్పు కన్నా బాగా తట్టుకునేది అదే. రెవిట్ కూడా అన్ని వైపులా టిక్ పెట్టి మొదట ఇచ్చేది నాలుగు వాలులే కదా. మీ ఇల్లు భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉంటే, ఆ రెండు టిక్కులు తీసేముందు ఓనరుతో ఒకసారి మాట్లాడండి.

అటాచ్ చేసినా గోడ లేవకపోతే, అది కప్పు అంచు దాటి బయట ఉందేమో చూడండి. పైన కప్పు లేని చోట గోడకి అంటుకోవడానికి ఏమీ ఉండదు.