నర్సింగ్ చదివిన అమ్మాయి ఆరోగ్య వెబ్‌సైట్ల పరిశోధనలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రజారోగ్య వెబ్‌సైట్లు చూసేవారికి ఏం కావాలో తెలుసుకునే ‘యూజర్ రీసెర్చ్’ పనిలో ఇంటర్న్‌షిప్ చేస్తానంటోంది. కోడింగ్ రాదు. అసలు అదొక ఉద్యోగమేనా? నాలుగేళ్ల చదువు వృథా అవుతుందేమోనని మా భయం. — ఒక తండ్రి

జవాబు: అది ఉద్యోగమేనండీ, దానికి కోడింగ్ రానక్కర లేదు. బ్రిటన్‌లో 2011లో ఏర్పడిన గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్, ఏ ప్రభుత్వ సేవనైనా వాడేవారి అవసరం నుంచే మొదలుపెట్టాలన్నది తన తొలి సూత్రంగా పెట్టుకుంది. అక్కడి ప్రభుత్వ కొలువుల్లో యూజర్ రీసెర్చర్ అనేది గుర్తింపు ఉన్న హోదా. మన దేశంలో ఆ పేరుతో నేరుగా ప్రభుత్వ పోస్టులు తక్కువ. ప్రభుత్వ ప్రాజెక్టులు చేసే సాఫ్ట్‌వేర్, కన్సల్టెన్సీ సంస్థల్లోనూ, ఆరోగ్య రంగంలోని స్వచ్ఛంద సంస్థల్లోనూ యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంటే వాడేవారి అనుభవం) రీసెర్చర్, డిజైన్ రీసెర్చర్ అనే పేర్లతో అవకాశాలు ఉంటాయి. వాటిలో చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలోనివని ముందే తెలుసుకుని దిగడం మంచిది.

ఈ పని అవసరం ఎంతటిదో కోవిడ్ టీకాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన కోవిన్ పోర్టల్‌ను గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి టీకాలు మొదలైనప్పుడు, ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకున్నవారికే టీకా వేసేవారు. అప్పటికి పోర్టల్ ఇంగ్లిషులో ఉంది, ఓటీపీకి మూడు నిమిషాల గడువు ఉంది, ఒక ఫోన్ నంబరు మీద నలుగురికే నమోదుకు వీలుంది. స్మార్ట్‌ఫోన్ లేని కూలీకి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనునూ భర్త పనికి పట్టుకెళ్లిన ఇల్లాలికి ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ అడ్డంకే. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదు చేసుకునే వీలును మే 24న కల్పించారు; డిజిటల్ సౌకర్యం లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో నిలదీసింది; జూన్‌లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో పోర్టల్ అందుబాటులోకి వచ్చింది. ఈ ఇబ్బందులేవీ సర్వర్ల సామర్థ్యం పెంచితే తీరేవి కావు. ఆ పోర్టల్‌ను ఎవరు, ఎవరి ఫోనులో, ఎవరి సాయంతో తెరుస్తారో ముందుగా వెళ్లి చూసి రావలసిన పని అది. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనినే.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. టీకాల వివరాలున్న ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌ను పరీక్షిస్తున్నారనుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని, ఫోను ఆమె చేతికిచ్చి, ‘పాపకు తొమ్మిదో నెలలో ఏ టీకా వేస్తారో ఇందులో చూడండి’ అని అడుగుతారు. ఆమె పేజీని కిందికి జరుపుతుంది. టీకాల పట్టిక స్క్రీన్ కంటే వెడల్పుగా ఉండడంతో కుడివైపు గడులు కనబడవు, పక్కకు జరపాలని ఆమెకు తోచదు. ఆరు, పది, పద్నాలుగు వారాల దగ్గర కాసేపు ఆగి, ‘ఇందులో లేదండీ’ అని ఫోను తిరిగి ఇచ్చేస్తుంది. మీజిల్స్–రుబెల్లా మొదటి డోసు ఆ పట్టికలోనే, కనబడని గడిలో ఉంది. ఆ క్షణంలో పరిశోధకురాలు చెయ్యి చాపి చూపించకూడదు. ఎక్కడ ఆగింది, ఏం వెతికింది, ఏమని వదిలేసింది అన్నది రాసుకుని, ‘ఫోనులో దొరక్కపోతే మామూలుగా ఏం చేస్తారు’ అని అడగాలి. ‘ఆశమ్మను అడుగుతా’ అని ఆమె అంటే, ఈ పేజీని నిజంగా వాడేది ఆశా కార్యకర్తేమో, మొదట ఆమె కోసమే దీన్ని తీర్చిదిద్దాలేమో అన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది. ఈ వృత్తిలో అత్యంత విలువైన ఫలితం ఇలాంటిదేనని నా అభిప్రాయం.

నర్సింగ్ చదువు వృథా కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే. రోగితో మాట కలపడం, చెప్పుకోలేని బాధను ముఖంలో చదవడం, టీకాల కార్డునూ మందుల చీటీనీ అర్థం చేసుకోవడం మీ అమ్మాయికి వార్డులో, కమ్యూనిటీ పోస్టింగులో అలవడి ఉంటాయి. డిజైన్ చదివి వచ్చినవారు వీటిని కొత్తగా నేర్చుకోవాలి. అయితే నర్సుగా అలవాటైన ఒక గుణాన్ని ఈ పనిలో అదుపులో పెట్టుకోవాలి. ఎదుటివారు తడబడగానే సాయం చేయబోతే, లోపం ఎక్కడుందో బయటపడదు. అలాగే ‘వెబ్‌సైట్ బాగుందా’ అని అడగకూడదు. మనవాళ్లు మర్యాద కోసం బాగుందనే అంటారు. పోయినసారి ఇలాంటి అవసరం వచ్చినప్పుడు ఏం చేశారని అడిగితే నిజం తెలుస్తుంది. వెబ్‌సైట్ శోధన పెట్టెలో జనం టైపు చేసే మాటలు, 104 వంటి హెల్ప్‌లైన్లకు వచ్చే ప్రశ్నలు కూడా ఈ పరిశోధనకు మంచి ముడిసరుకు.

ఐదుగురితో పరీక్షిస్తే లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఈ రంగంలో తరచుగా వినబడుతుంది. ప్రజారోగ్యంలో ఆ ఐదుగురూ చదువుకున్న యువకులే అయితే ఆ లెక్కకు అర్థం లేదు. చూపు మందగించిన వృద్ధులు, చదవడం రానివారు, వారి తరఫున వెతికిపెట్టే పిల్లలు – ఒక్కో రకంవారిని విడివిడిగా కలవాలి. వికలాంగులకు కూడా సమాచారం అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది, ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. రెండింటినీ ఆమె చదవాలి.

ఇక దారి విషయం. డిగ్రీ పూర్తి చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించండి. ఆ అర్హత చేతిలో ఉంటే ఎప్పుడైనా ఆసుపత్రి ఉద్యోగానికి తిరిగి వెళ్లవచ్చు. వీలైతే ఒకటి రెండేళ్లు కమ్యూనిటీ హెల్త్‌లో పనిచేయడం ఇంకా మేలు. తర్వాత పైచదువు కావాలంటే రెండు వైపులు ఉన్నాయి. డిజైన్ వైపైతే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల ఎం.డిజైన్ చేయవచ్చు, నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ దానికి సరిపోతుంది, కానీ పరీక్షలో బొమ్మలు గీసే భాగం ఉంటుంది కాబట్టి ముందునుంచీ సాధన కావాలి. ప్రజారోగ్యం వైపైతే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. మీ అమ్మాయికి జనంతో మాట్లాడడమే ఇష్టమైతే నేను రెండోదాన్నే సూచిస్తాను.

ఇంటర్న్‌షిప్‌కు పంపేముందు ఆ సంస్థను మూడు విషయాలు అడగమనండి. వాడేవారిని ఆమె స్వయంగా కలుస్తుందా, లేక ఆఫీసులో కూర్చుని సర్వే ఫారాలు లెక్కపెట్టాలా? జబ్బుల వివరాలు చెప్పేవారి సమ్మతిని తెలుగులో రాతపూర్వకంగా తీసుకుంటారా, ఆ రికార్డింగులను ఎక్కడ, ఎంతకాలం ఉంచుతారు? ఆమె కనుగొన్న లోపాన్ని వెబ్‌సైట్‌లో సరిదిద్దే అధికారం ఎవరి చేతిలో ఉంది, వారు పరీక్ష జరిగేటప్పుడు వచ్చి చూస్తారా? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో సంస్థను వెతుక్కోమనండి.