బెల్‌ను నొక్కకు, తల్లీ

శ్రీకాకుళం

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు మందస వైపు పీహెచ్‌సీలో డాక్టరుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు కాలరెగరేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మహేంద్రగిరి కింది గూడేల నుంచి ఆయాసంతో దిగివచ్చే వాళ్లలో ఎవరిని గుండె ఎకో పరీక్షకు పంపాలో ముందు నీ చెవులే తేల్చాలి.

మెడ దగ్గర నాడి పట్టుకొని గుండెను విను. ఆ తాకిడితో పాటు వచ్చే మర్మర్, అంటే గుండె చప్పుళ్ల నడుమ వినిపించే అదనపు శబ్దం, చంకలోకి పాకితే గుండె ఎడమ గదుల మధ్యనున్న మైట్రల్ కవాటం కారుతున్నదేమో, మెడలోకి ఎక్కితే గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలోని అయోర్టిక్ కవాటం ఇరుకైందేమో చూడు. చప్పుడు పెద్దదైనంత మాత్రాన జబ్బు పెద్దదని కాదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏట, కిటకిటలాడుతున్న ఓపీలో, ఆరో నెల గర్భిణి ఒకామె ఆయాసమని వచ్చింది. కళ్లు పాలిపోయి ఉన్నాయి. మొహమాటపడి, కూర్చోబెట్టే, జాకెట్టు మీదనే స్టెతస్కోపు నొక్కిపెట్టి విన్నాను. తాకిడితో పాటు వచ్చే సన్నని సిస్టోలిక్ మర్మర్ వినిపిస్తే రక్తహీనతే అనుకొని ఐరన్ మాత్రలు రాశాను. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకు చేరబడుతున్నానని ఆమె అంటే, కడుపుతో ఉన్నప్పుడు మామూలేనమ్మా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

మూడు వారాలకు, అర్ధరాత్రి, నోట గులాబీ రంగు నురగతో మోసుకొచ్చారు. పెద్దాసుపత్రిలో ఆమె కాస్త తేరుకున్నాక, అక్కడి పెద్ద డాక్టరుగారు ఆమెను ఎడమ పక్కకు ఒత్తిగిలజేసి, ఊపిరి వదలమని, గుండె కొన మీద స్టెతస్కోపు బెల్‌ను, అంటే లోగొంతు చప్పుళ్లు వినే గిన్నెలాంటి వైపును, మెత్తగా ఆనించి నా చేతికిచ్చారు. తాకిడికీ తాకిడికీ నడుమ, పక్కింట్లో తిరగలి తిరుగుతున్నట్టు ఒక లోగొంతు గుర్ర్‌మన్నది. మైట్రల్ స్టెనోసిస్, అంటే మైట్రల్ కవాటం ఇరుకైపోవడం. బెల్‌ను గట్టిగా నొక్కితే దాని కింది చర్మమే బిగిసి డయాఫ్రమ్‌లా, అంటే హెచ్చు గొంతు చప్పుళ్లు వినే బిళ్ల వైపులా, అయిపోతుంది, ఆ గుర్రు మాయమవుతుంది. గర్భంలో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది; ఇరుకు కవాటం దాటలేక అది ఊపిరితిత్తులలో నిలిచిపోయింది. చిన్నప్పుడు మోకాళ్లు వాచి తగ్గి, తరువాత మోచేతులు వాచేవని వాళ్లమ్మ అప్పుడు చెప్పింది; కవాటాన్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం గుర్తులవి. నేను అడిగితే కదా, ముందే చెప్పేది! ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

ఆయాసమన్న ప్రతి గర్భిణినీ ఎడమ పక్కకు తిప్పి విను. నీకు నా మొహమాటం అడ్డు లేదు కదా. ఫ్యాను ఆపించు; జనం గొణిగితే గొణగనీ.

చేరాక ఒక రోజు వచ్చి నీ గదిలో మూల కూర్చుంటాను. వద్దంటే బయట బల్ల మీదనే కూర్చుంటానులే.

మీ పెదనాన్న