మాక్‌లో వచ్చిన 61

కావలి

అమ్మడూ,

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కి రాసిన మాక్ టెస్టులో, అదే నమూనా పరీక్షలో, వందకి 61 వచ్చిందనీ, ఉద్యోగం మానేసి దానికే చదువుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంటెక్ చదవాలన్న నీ పట్టుదల చూస్తే గర్వంగా ఉంది. కానీ రాజీనామా మెయిల్ మాత్రం అప్పుడే పంపొద్దు. ఆ 61లో నీ చదువెంతో, అదృష్టమెంతో ముందు తేలాలి.

అసలు పరీక్షలోలాగే మూడు గంటలూ లేవకుండా, తెర మీది కాలిక్యులేటర్‌తోనే రాస్తున్నావు గదా? అయితే ఆ మాట అక్కడికి వదిలేద్దాం.

పిల్లలు బోల్తా పడేది ఊహించి పెట్టే జవాబుల దగ్గర. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్న తప్పయితే, ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండు వంతులు కోత. గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. అయితే ఒక్క పేపర్లో ఆ సగటు నిలబడదమ్మా. రెండు మార్కుల ప్రశ్నలు పది గుడ్డిగా పెట్టావనుకో. ఐదు తగిలితే 6.67 కలుస్తాయి. ఒక్కటే తగిలితే 4 పోతాయి. చదువు అదే, తేడా మాత్రం పది మార్కుల పైనే! మంచి రోజు వచ్చిన మార్కు చూసి ఉద్యోగం వదిలేసిన పిల్లలు తర్వాత ఎంత నలిగిపోతారో తలుచుకుంటేనే నాకు భయం.

అందుకని రాసేటప్పుడే రఫ్ కాగితం మీద ప్రశ్న నంబరు పక్కన 'ఖాయం', 'సందేహం', 'గుడ్డి' అని వేసుకో. జవాబులు చూశాక వేస్తే మనసు అబద్ధం చెబుతుంది. కోతలు పోను 'ఖాయం' వాటికి వచ్చిందే నీ అసలు మార్కు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగిన సందేహాలు మాత్రం పెట్టు, వాటిలో సగటున లాభమే. సంఖ్య రాసే ప్రశ్నలకీ, ఒకటికి మించి జవాబులుండే ప్రశ్నలకీ కోత లేదు, ఖాళీగా వదలకు.

'ఖాయం' అనుకుని తప్పిన వాటినే ఎక్కువసేపు చూడు. కిలోన్యూటన్-మీటర్లని న్యూటన్-మిల్లీమీటర్లలోకి మార్చేటప్పుడు పది లక్షలతో గుణించడం మరిచావా, 'కానిది ఏది' అన్నదాన్ని 'అయినది' అని చదివావా, అసలు పాఠమే రాదా? మొదటి రెంటికీ జాగ్రత్త చాలు, మూడోదానికి మళ్లీ పుస్తకం తెరవాల్సిందే.

సొల్యూషన్లు ముందే చూసిన పాత పేపర్ల మార్కులు లెక్కలోకి రావు. మాక్ ర్యాంకు కూడా ఆ సిరీస్, అంటే ఆ ఒక్క సంస్థ పెట్టే మాక్‌ల వరస, రాసినవాళ్ల మధ్యదే. అసలు పరీక్షలో జనరల్ వాళ్లకి అర్హత మార్కు 25, లేదా అందరి సగటుకి ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపినది, రెంటిలో ఏది ఎక్కువైతే అది. పేపర్ని బట్టి అది మారుతుంది.

వేర్వేరు సిరీస్‌లవి, ఎప్పుడూ చూడనివి నాలుగు పేపర్లు రాయి. 'ఖాయం' మార్కుల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్నే నమ్ము. తొందరేం లేదు, గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. రాత్రి రెండింటి దాకా మేలుకుని రాయకు, అలసట మార్కు నీ మార్కు కాదు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నాలుగు కాగితాలూ తీసుకురా, కూర్చుని చూద్దాం. మానడమే మంచిదని తేలితే మీ నాన్నతో నేనే మాట్లాడతా.

మీ మామయ్య