కొన్నది మనం, తాళంచెవి వాళ్లది

పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు జవాబులు

ప్రశ్న: నా ప్రింటరు నిన్నమొన్నటి దాకా వేరే కంపెనీ ఇంకుతో చక్కగా పనిచేసింది. ఒక అప్‌డేట్ వచ్చాక ఆ కార్ట్రిడ్జ్‌ను ఒప్పుకోవడం లేదు. పూర్తి ధర కట్టి కొన్న వస్తువు మీద కంపెనీకి ఇంకా ఈ పెత్తనం ఏమిటి?

జవాబు: మీ ప్రింటరు పాడైపోలేదు, ముందు ఆ దిగులు వదిలేయండి. కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి పక్కకు తిప్పి చూడండి. గోరంత పలక, దాని మీద బంగారు రంగు రేకులు వరసగా కనిపిస్తాయి. అదే చిప్పు. ఇంకు కాగితం మీదికి రావడానికి దానితో పని లేదు. ప్రింటరు ఆ రేకుల ద్వారా చిప్పును ఒక ప్రశ్న అడుగుతుంది, తాను కోరుకున్న జవాబు రాకపోతే ఇంకు నిండుగా ఉన్నా పని మొదలుపెట్టదు. అప్‌డేట్ ఆ ప్రశ్నను మార్చి ఉంటుంది. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ప్రింటర్లు అనేకం ఇలాగే ఒక్కసారిగా మొరాయించాయి. వేరే కంపెనీల చిప్పులను తిప్పికొట్టే కోడు వాటిలోకి అప్పటికే చేరి ఉంది. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టాక, ముందుగా సరిగ్గా చెప్పనందుకు కంపెనీ క్షమాపణ కోరి, ఆ అడ్డు తొలగించే మరో ఫర్మ్‌వేర్ (యంత్రం లోపల ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాము) ఇస్తామంది.

ఇక పెత్తనం సంగతి. అమెరికాలో 1998లో డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం వచ్చింది. సినిమాలు, పాటలు దొంగ కాపీలు తీయకుండా పెట్టే డిజిటల్ తాళాలకు రక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. అందులోని 1201వ సెక్షన్ ఆ తాళాన్ని తప్పించడాన్నే తప్పుగా చూస్తుంది. తాళం వెనక ఉన్నది సినిమానా, టోనరు (లేజర్ ప్రింటరులో ఇంకుకు బదులు వాడే పొడి) లెక్కనా అన్న తేడా కంపెనీల లాయర్లకు అక్కరలేకపోయింది. 2002 చివర లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ, తన కార్ట్రిడ్జ్‌లకు సరిపోయే చిప్పులు తయారుచేస్తున్న స్టాటిక్ కంట్రోల్ మీద ఈ చట్టం కింద కేసు వేసింది. కాపీ కొట్టారని గొడవపడిన ప్రోగ్రాముల్లో ఒకటి 37 బైట్లు, మరొకటి 55 బైట్లు. టోనరు ఎంత మిగిలిందో లెక్కగట్టడమే వాటి పని. కింది కోర్టు లెక్స్‌మార్క్ మాటే నిజమంది. 2004లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. లెక్స్‌మార్క్ వేసిన మరో కేసులో 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: వస్తువును అమ్మిన క్షణంలో దాని మీద పేటెంటు హక్కు తీరిపోతుంది.

తీర్పులు కొన్నవారి పక్షాన వచ్చినా చిప్పులు మాత్రం పోలేదు. ఇల్లు అమ్మినవాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటే ఎవరూ ఒప్పుకోరు. యంత్రం లోపలి తాళం కంటికి కనబడదు, అందుకే ఇన్నేళ్లుగా సాగుతోంది.

ప్రశ్న: కంపెనీలే ప్రభుత్వాలను నడిపిస్తున్నాయని మా తరగతిలో వాదన జరిగింది. అంటే లంచాలు ఇస్తాయనేనా అర్థం? (రాజనీతిశాస్త్ర విద్యార్థిని)

జవాబు: లంచం ఎప్పుడైనా బయటపడుతుంది, కేసు అవుతుంది. నాకు ఎక్కువ భయం చట్టం హద్దుల్లోనే జరిగే పని గురించి. జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 1971లో రాసిన వ్యాసం మీ గ్రంథాలయంలో దొరికితే తప్పక చదవండి. పరిశ్రమను అదుపు చేయడానికి పుట్టిన నిబంధనలు చివరికి ఆ పరిశ్రమ ప్రయోజనానికే పనిచేస్తాయని ఆయన వాదించారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక నిబంధన మారితే కంపెనీకి లాభం కోట్లలో ఉంటుంది, మనలో ఒక్కొక్కరికి నష్టం చిల్లరలో ఉంటుంది. ఆ కోట్ల కోసం కంపెనీ లాయర్లను ఏడాది పొడవునా అదే పని మీద ఉంచుతుంది. ఆ చిల్లర కోసం మనం ఒక పూట సెలవు కూడా పెట్టం. పైగా అధికారికి కావలసిన సాంకేతిక వివరాలు చాలావరకు కంపెనీ చేతిలోనే ఉంటాయి.

మీ తరగతిలో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న నియమాన్ని ఎత్తివేయాలని 2017లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ప్రతిపాదించి ప్రజాభిప్రాయం కోరింది. 2 కోట్ల 20 లక్షలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. వాటిలో దాదాపు 1 కోటి 80 లక్షలు బూటకమని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో నివేదిక ఇచ్చారు. వాటిలో 85 లక్షలకు పైగా బ్రాడ్‌బ్యాండ్ పరిశ్రమ డబ్బు పెట్టిన ప్రచారం నుంచి వచ్చినవి. జనం మద్దతు సేకరించి తెస్తామని కాంట్రాక్టు తీసుకున్న సంస్థలు మనుషుల పేర్లు, చిరునామాలు వాడుకుని వారికి తెలియకుండానే అభిప్రాయాలు సృష్టించాయి. ఆ మోసం బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలకు నేరుగా తెలుసని చెప్పే ఆధారం దొరకలేదని కూడా నివేదికలో ఉంది. ఇది కూడా మీరు తరగతిలో చెప్పాలి.

రెండో వైపు, నియమం ఉండాలంటూ 77 లక్షల బూటకపు అభిప్రాయాలు పంపింది ఒక్క 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి. నేను ఆ నియమం ఉండాలనే కోరుకున్నవాణ్ని. అయినా అతను చేసింది నాకు సమ్మతం కాదు. నిజంగా కూర్చుని, ఆలోచించి, తన గోడు రాసుకున్న మనిషి ఉత్తరం ఈ రెండు గుట్టల కింద పడి కనిపించకుండా పోయింది. కమిషన్ 2017 డిసెంబరులోనే నియమాన్ని ఎత్తేసింది.

ప్రశ్న: ఫోనులో సెర్చ్ ఇంజిన్‌ను ఎవరైనా రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. మరి గూగుల్ మీద గుత్తాధిపత్యం అంటూ అంత పెద్ద కేసు ఎందుకు?

జవాబు: మార్చుకోవచ్చు, నిజమే. కానీ చాలామంది మార్చుకోరు. ముందే అమర్చి ఉండే ఆ స్థానం కోసం గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో ఫోను కంపెనీలకు, బ్రౌజర్లకు, ఇతరులకు చెల్లించిన మొత్తం 2,630 కోట్ల డాలర్లు. ఆ స్థానానికి విలువ లేకపోతే ఏ కంపెనీ అంత కడుతుంది? సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ కోర్టు జడ్జి అమిత్ మెహతా తీర్పు చెప్పారు.

ప్రశ్న: తాళాలు మన భద్రత కోసమేనని కంపెనీలు అంటున్నాయి. ఎవరు పడితే వారు విప్పితే ప్రమాదం కాదా?

జవాబు: కొన్నిచోట్ల ప్రమాదమే. అధిక వోల్టేజీ బ్యాటరీల దగ్గర తెలియనివారు చేయి పెట్టకూడదు, ఆ మాట నేనూ చెబుతాను. కానీ ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని అన్నిటికీ తాళం వేస్తున్నారు. బాగుచేతను అడ్డుకోవడానికి తయారీదారులు చెప్పే కారణాలకు ఆధారాలు చాలా తక్కువని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021 మేలో నివేదిక ఇచ్చింది.

పోలండ్ రైళ్ల కథ వింటే తాళం ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది. నెవాగ్ అనే కంపెనీ తయారుచేసిన రైళ్లను నిర్వహణ పనులకు వేరే వర్క్‌షాపుకు పంపారు. పనులు పూర్తయ్యాయి, యంత్రభాగాలన్నీ సరిగ్గా ఉన్నాయి, రైళ్లు మాత్రం కదలలేదు. దిక్కుతోచని వర్క్‌షాపు ముగ్గురు హ్యాకర్లను పిలిపించింది. రైలు కంప్యూటర్లలోని కోడును వాళ్లు ఓపికగా విప్పితే, అందులో పోటీ వర్క్‌షాపుల జీపీఎస్ స్థానాలు దొరికాయి. రైలు ఆ ఆవరణలో కొన్ని రోజులు నిలిచి ఉంటే ఇక బయలుదేరకూడదన్నది అక్కడ రాసి ఉన్న షరతు. 2023 డిసెంబరులో వాళ్లు ఇదంతా బయటపెట్టారు. ఆ కోడు తమది కాదని నెవాగ్ ఖండించి కోర్టుకెక్కింది. రాసింది ఎవరైనా, అలాంటి షరతు ప్రయాణికుల భద్రతను ఏ రకంగా పెంచుతుందో ఇన్నేళ్లు యంత్రాలతో గడిపిన నాకు తోచడం లేదు.

ప్రశ్న: ఇంత పెద్ద కంపెనీల ముందు మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, జరిగింది కూడా. కొన్న ఫోనును మరో నెట్‌వర్క్‌కు మార్చుకోవడానికి తాళం విప్పుకునేందుకు, పైన చెప్పిన 1998 చట్టం నుంచి ఉన్న మినహాయింపు 2013 జనవరిలో అమెరికాలో రద్దయింది. కోపం వచ్చిన జనం వైట్‌హౌస్‌కు పిటిషన్ పెట్టారు, 1,14,000 మందికి పైగా సంతకాలు చేశారు. 2014 ఆగస్టు 1న ఆ హక్కును తిరిగి ఇచ్చే చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశారు.

యూరప్‌లో ఛార్జర్ల విషయం మరింత నెమ్మదిగా నడిచింది. ఒకే రకం ఛార్జరు వాడతామని 2009లో ఫోను కంపెనీలు స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి, కానీ అడాప్టరు ఇస్తే చాలన్న సందు అందులో ఉండిపోయింది. యూరోపియన్ యూనియన్ 2022లో చట్టమే చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సీ తప్పనిసరి. ఐఫోను ఆ గడువు కంటే ముందే, 2023లో మారింది. స్వచ్ఛంద ఒప్పందంతో సరిపెడతామని ఏ కంపెనీ అన్నా నేను నమ్మకపోవడానికి ఆ సందే కారణం.

ప్రశ్న: అయితే ఇకపై అప్‌డేట్లు ఆపేయమంటారా?

జవాబు: ఫోనుకు, కంప్యూటరుకు ఆపకండి. దొంగలు చొరబడే దారులను మూసేవి అవే. ప్రింటరు సంగతి వేరు. అప్‌డేట్లు వాటంతట అవే వచ్చి చేరకుండా ఆపే సెట్టింగు చాలా నమూనాల్లో ఉంటుంది, దాన్ని వాడుకోండి. నమ్మకమైన నెట్‌వర్క్‌లో మాత్రమే ప్రింటరును ఉంచండి. మొదటి ప్రశ్న అడిగినవారికి ఒక మాట: అప్‌డేట్ వచ్చిన తేదీ, ఫర్మ్‌వేర్ సంఖ్య, తెర మీద కనిపించిన సందేశం ఫోటో తీసి దాచుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు అవతలివారు మొదట అడిగేవి ఈ మూడే.