ఖమ్మంలో పళ్ల క్లినిక్ తెరవబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన క్లినిక్ ప్లాన్‌ను రాత్రి మీ అత్తయ్యా నేనూ కూర్చుని చూశాం. రిసెప్షన్ ముచ్చటగా ఉంది. చైర్ పెట్టే గది మాత్రం నాకు నచ్చలేదు. రోడ్డు వైపు గోడంతా అద్దం, వెనకున్న ఒక్క కిటికీని ప్లైవుడ్‌తో మూసేసి దాని మీద టీవీ, పైన స్ప్లిట్ ఏసీ. తెనాలిలో నేను ఇరవై ఏళ్లు ఇలాంటి గదిలోనే పనిచేశాను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ గదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నువ్వప్పుడు బీడీఎస్ మూడో ఏడు, కాలేజీ మూసేస్తే ఇంటికి వచ్చేశావు. క్లినిక్ నడిపేవాళ్ల పరిస్థితి నీకు దగ్గరగా తెలియదు. గోడలు కట్టేస్తే మార్చడం కష్టం కాబట్టి ఇప్పుడే తీరిగ్గా రాస్తున్నాను.

పన్ను తొలిచే మన ఎయిరోటర్ నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. దాని మీద పడే నీళ్లు నోట్లోని లాలాజలంతో, రక్తంతో కలిసి పొగలా లేస్తాయి. పళ్ల క్లీనింగ్‌కి స్కేలర్ పెట్టినా అంతే. పెద్ద తుంపరలు ట్రే మీదా, మన గౌను మీదా పడతాయి, వాటిని తుడిచేస్తాం. కంటికి కనపడనివి గాలిలోనే ఉండిపోతాయి. స్ప్లిట్ ఏసీ ఆ గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుంది, బయటి గాలిని తేదు. గదిలో గాలి గంటకు 6 సార్లు మారితే, తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. 12 సార్లు మారితే 23 నిమిషాలు చాలు. ఒక పేషెంటు లేచాక ఇంకొకరిని కూర్చోబెట్టడానికి నువ్వు ఎంతసేపు ఆగాలో గదిలో గాలిని బయటికి తోడే ఎగ్జాస్ట్ ఫ్యానే తేలుస్తుంది. నీ గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు అనుకో, 1000 ఘనపుటడుగులు. 12 సార్లు మారాలంటే నిమిషానికి 200 ఘనపుటడుగుల గాలిని బయటికి తోడాలి. ఫ్యాన్ డబ్బా మీద గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటే 340కి తగ్గకుండా చూసుకో. కాస్త ఎక్కువున్నా మంచిదే. అయితే లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా వృథా. అందుకే ఆ కిటికీ కావాలి.

కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మే 19న దంతవైద్యుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే చెప్పింది. పని జరుగుతున్నప్పుడు సీలింగ్ ఫ్యాన్ వేయొద్దు, డాక్టర్ వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి గాలి పేషెంటు వైపు వెళ్లేలా చూడాలి, అటు నుంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని బయటికి లాగాలి. ఇంత తేలికైన విషయం నాకు అన్నేళ్ల ప్రాక్టీసులో తట్టలేదు. జూన్‌లో మేస్త్రీని పిలిచి గోడ పగలగొట్టించాను. అప్పటికి మూడు నెలల ఆదాయం పోయింది.

సరుకుల గురించి ఎక్కువ రాయను. ఎన్95 మాస్కులు, ఫేస్ షీల్డులు, గ్లౌజులు మూడు నెలలకు సరిపడా ఎప్పుడూ ఉంచు. పాతవి ముందు వాడి కొత్తవి వెనక పెట్టు. రేట్లు ఆకాశానికంటిన రోజుల్లో ఒక డీలర్ దగ్గర తొందరపడి కొన్న మాస్కులు నకిలీవని తర్వాత తెలిసింది. వాటితో నా అసిస్టెంట్లను చైర్ పక్కన నిలబెట్టానని తలుచుకుంటే ఈరోజుకీ మనసు కలుక్కుమంటుంది. పని చేసే పన్ను మాత్రమే బయటికి ఉంచి మిగతా నోటిని కప్పే రబ్బరు పొర, అదే రబ్బర్ డ్యామ్, మాత్రం మొదటి రోజు నుంచే వాడు. కాలేజీలో నేర్పిస్తారు, ప్రాక్టీసులోకి వచ్చాక టైం లేదని మానేస్తాం. నోట్లోంచి లేచే తుంపరను అక్కడే తగ్గించడానికి అదీ, నోట్లో నీళ్లు లాగేసే మంచి సక్షనూ చాలా ఉపయోగపడతాయి.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. క్లినిక్‌కి తాళం వేసి ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చింది, రూట్ కెనాల్ సగంలో ఉన్నవాళ్లు ఎంతమంది? కార్డులన్నీ క్లినిక్‌లో ఉన్నాయి. ఎవరి పన్నులో తాత్కాలిక ఫిల్లింగ్ ఉందో, ఎవరికి కుట్లు విప్పాలో, క్లిప్పులు పెట్టుకున్న పిల్లల్లో ఎవరికి తీగ గుచ్చుకుంటుందో నా తలలో ఉన్నంతే. తాత్కాలిక ఫిల్లింగ్ వారాలకే తప్ప నెలలకు నిలవదని నీకు తెలుసు. ఏప్రిల్ రెండో వారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

అందుకే నీకు ఒక అలవాటు చెబుతాను. పొద్దుపోయాక క్లినిక్ మూసే ముందు ఒక నోటు పుస్తకంలో సగంలో ఉన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏ పన్ను, ఎంతవరకు వచ్చింది, షుగరుందా, ఏ మందు పడదు, ఇంతే రాయి. పని పూర్తయినవాళ్ల పేరు కొట్టేయి. ఆ పుస్తకం రోజూ నీతో ఇంటికి రావాలి. కంప్యూటర్‌లో పెట్టుకుంటానంటే పెట్టుకో, కానీ ఇంటి నుంచి తెరవగలగాలి. రేపు పొద్దున ఎవరో తలుపు మూసేయమంటే నువ్వు ముందుగా చేయాల్సిన ఫోన్లు అందులో ఉంటాయి. పేషెంట్లు చేసేదాకా ఆగకుండా నువ్వే చేయాలి.

ఫోన్‌లో అడగాల్సినవి కూడా కాగితం మీద రాసి రిసెప్షన్ అమ్మాయికి నేర్పు. నొప్పి ఎంతుందని అడిగితే అందరూ భరించలేమనే అంటారు. అందుకని నోరు ఎంత తెరుచుకుంటోంది, ఎన్ని వేళ్లు పడుతున్నాయి, మింగగలుగుతున్నారా, వాపు దవడ కిందికి, మెడ వైపు దిగిందా, జ్వరముందా అని అడగమను. కింది దవడ పిప్పి పన్ను నుంచి చీము నాలుక కిందికి చేరి, నాలుక పైకి లేచి, మింగుడు పడకపోతే అది మన చైర్‌లో చూసే కేసు కాదు. ఊపిరాడే దారి మూసుకుపోతుంది. నేరుగా పెద్దాసుపత్రికి పంపాలి. 2020 మే మొదట్లో కేంద్రం ఇచ్చిన జాబితాలో మా గుంటూరు జిల్లా రెడ్ జోన్. అప్పుడు అత్యవసరమైనవి తప్ప చేయకూడదన్నారు. బయటికి రావడానికి భయపడి మెడికల్ షాపులో అవే బిళ్లలు మళ్లీ మళ్లీ కొనుక్కుని మింగిన ఒక పెద్దాయన, చివరికి ముఖం గుర్తుపట్టలేనంత వాపుతో వచ్చాడు. దేవుడి దయ వల్ల బతికాడు. నెల ముందు నేనే ఒక ఫోన్ చేసి ఉంటే ఆ పన్ను అంతదాకా వచ్చేది కాదు.

ఇంకో కేసు 2021 మే నాటిది. సెకండ్ వేవ్‌లో కరోనా తగ్గి ఇంటికొచ్చిన ఒకావిడ పై పళ్లు నాలుగు ఒకేసారి కదులుతున్నాయని వచ్చింది. చిగుళ్ల జబ్బైతే ఇంత తొందరగా, ఒకే పక్కన కదలవు. షుగరుంది, ఆసుపత్రిలో స్టెరాయిడ్లు ఇచ్చారు. అంగుట్లో రంగు మారింది. పళ్లు ముట్టుకోకుండా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) పంపాను, బ్లాక్ ఫంగస్ అని తేలింది. మీ తెలంగాణలో అదే నెలలో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రంగా పెట్టారు. అలాంటి జబ్బుని మొదట చూసేది చాలాసార్లు మన చైరే. కాబట్టి కొత్త పేషెంటు వచ్చినప్పుడు గత రెండు నెలల్లో ఏ జబ్బు చేసింది, ఏ మందులు వాడారు అని అడగకుండా నోరు తెరవమనకు.

ఇక డబ్బు. చైరుకీ, ఎక్స్‌రేకీ లోన్ తీసుకో, తప్పదు. స్కానింగ్ మిషను, లేజరు మాత్రం మొదటి రెండేళ్లు వద్దు. 2020లో రిజర్వ్ బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు 31 వరకు వాయిదాలు ఆపుకోవచ్చంది. చాలామంది డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ వడ్డీ ఆగలేదు, తర్వాత కట్టాల్సిన నెలలు పెరిగాయి. అదేం మాఫీ కాదు. ఆరు నెలల అద్దె, జీతాలు, కరెంటు, ఈఎంఐ కలిపితే ఎంతో అంత విడిగా ఒక ఖాతాలో వేసి మరిచిపో. ఒకేసారి కుదరకపోతే నెలకింత చొప్పున చిట్టీలా వెయ్యి. అద్దె అగ్రిమెంటులో ప్రభుత్వం మూసేయమన్న రోజులకు సగం అద్దె అని ఒక వాక్యం రాయించు. ఓనరు ఇప్పుడైతే ఒప్పుకుంటాడు, అప్పుడు అడిగితే ఒప్పుకోడు.

జీతాల సంగతి ఇందులో కలిపి రాయడానికి కారణముంది. ఏప్రిల్ జీతం ఇచ్చాను. మే నెలలో, తొమ్మిదేళ్లు నా దగ్గర పనిచేసిన అసిస్టెంట్‌కి ఇక ఇవ్వలేనని చెప్పాను. ఆమె ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది, తర్వాత ఇంకో ఊళ్లో పని చూసుకుంది. క్లినిక్ తెరిచాక పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ సరిగ్గా పెట్టడం, క్లినిక్ చెత్తను పసుపు సంచి ఎర్ర సంచి అని వేరు చేయడం, ఎయిరోటర్ తిరుగుతుంటే సక్షన్ ఎక్కడ పట్టాలో తెలిసిన మనిషి లేరు. కొత్త అమ్మాయికి నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో నష్టం నాది, అన్యాయం ఆమెకు జరిగింది. నీ ఖాతాలో ముందు వేసే డబ్బు జీతాలదే కావాలి.

ఎప్పుడైనా వారాల తరబడి మూసి తెరిస్తే, మొదటి రోజు పేషెంట్లను పిలవకు. చైర్ నీళ్ల గొట్టాల్లో నిలిచిన నీళ్లలో పాచి పడుతుంది, బాగా పారించి శుభ్రం చేయించు. కంప్రెసర్‌లో చేరిన నీళ్లు వంపించు. మందుల తేదీలు చూడు.

వచ్చే ఆదివారం శాతవాహన రైలుకి వస్తున్నాను. ఆ లోపు వడ్రంగి అబ్బాయికి ఫోన్ చేసి కిటికీ దగ్గర పని ఆపమను. టేపు నేను తెస్తాను. ఎగ్జాస్ట్ ఎటు పెడితే వెనక ఇంటివాళ్లకు ఇబ్బంది ఉండదో నిలబడి చూసి గుర్తు పెడదాం. టీవీ కావాలంటే రిసెప్షన్‌లో పెట్టుకో.

అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు.

ప్రేమతో,
మామయ్య