హెవీ లైసెన్స్ వచ్చింది, ఒడిశా జయపురం–విశాఖ లైన్లో పది టైర్ల బండికి రెండో డ్రైవర్‌గా ఎక్కుతున్నాను. మొదటి నెల ఏం నేర్పిస్తారు? స్టీరింగ్ ఎప్పుడిస్తారు?

తమ్ముడూ, స్టీరింగ్ సంగతి ముందు చెప్తాను. మంచి సీనియర్ అయితే వెంటనే ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. మొదట పక్క సీట్లో కూర్చోబెట్టి ఎక్కడ ఏ గేరు వేస్తున్నాడో చూపిస్తాడు. తర్వాత పగటిపూట, ఖాళీ బండి, సాలూరు–విజయనగరం మధ్య మైదానంలో ఇస్తాడు. ఆపైన లోడుతో మైదానం, లోడుతో ఘాటు (కొండదారి) ఎక్కడం, అన్నిటికన్నా చివర లోడుతో ఘాటు దిగడం. రాత్రి డ్రైవింగ్ కూడా చివర్లోనే. మొదటి ట్రిప్పులోనే "నువ్వు తోలు, నేను పడుకుంటా" అనే మనిషి దొరికితే ఓనర్‌తో చెప్పి బండి మారిపో.

పొద్దున్నే ఇంజన్ వేయకముందు చేసే పని క్లీనర్ పని అనుకోకు. బ్రేకులకు గాలి నిల్వ ఉంచే ఎయిర్ ట్యాంకుల అడుగున రింగు ఉంటుంది, లాగితే లోపలి నీళ్లు బయటికొస్తాయి. కొద్దిగా తేమ మామూలే. రోజూ నీళ్లు ధారగా వస్తుంటే గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయర్ పని అయిపోయినట్టు, నూనె వస్తే గాలి నింపే కంప్రెసర్ చూపించాలి. తర్వాత చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, ఇంజన్ వేసి గాలి పూర్తిగా నింపు. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, బ్రేక్ పెడల్ ఒక నిమిషం నొక్కి పట్టు. గాలి మీటరు ముల్లు ఒకసారి కాస్త పడి అక్కడే నిలబడాలి. దిగుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉంది. కిందికి వంగి వింటే బుస్సుమనే చప్పుడు దొరుకుతుంది. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి తెలియదు కాబట్టి రాడ్డుతో కొట్టి చూడు, గాలి తగ్గినది మొద్దుగా మోగుతుంది. వీల్ నట్టు చుట్టూ తుప్పు చార కారి ఉంటే అది వదులైందని అర్థం. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లు పోయి నట్లు మళ్లీ బిగించాలి. చాలామంది వదిలేసేది ఇదే.

ఇక ఘాటు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు చేరేసరికి ఆ ఎత్తంతా లోడుతో దిగాలి. దిగుడు మొదలవకముందే చదునుగా ఉన్నచోట పక్కకు ఆపి గాలి ముల్లు చూసుకో, బ్రేక్ ఒకసారి నొక్కి చూసుకో, గేరు అక్కడే ఎంచుకో. ఆ లోడుతో ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే, అనుమానం ఉంటే ఇంకొకటి తక్కువ. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) ఆన్‌లో పెట్టు. ఇంజన్ కాస్త గట్టిగా తిరుగుతున్నప్పుడే అది బాగా పట్టుకుంటుంది, ఆ మోతకు భయపడి గేరు పెంచకు. ఇంజన్ ఆర్‌పీఎం ముల్లు ఎర్ర గీత దాటకుండా చూసుకుంటే చాలు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది పెడల్ మీద కాలు మెల్లగా ఆనించి కిందిదాకా అలాగే రావడం. బ్రేక్ లైనర్లు చక్రం డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి, చల్లారే సందే ఉండదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనర్‌కు దూరమవుతుంది, లైనర్ గాజులా నున్నబడుతుంది. అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. కాబట్టి గట్టిగా నొక్కి వేగం ఐదారు కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలెయ్. మళ్లీ పెరిగితే మళ్లీ నొక్కు. అలాగని టపటపా పంపు చేసినట్టు తొక్కకు, కంప్రెసర్ నింపేలోపు గాలి అయిపోతుంది. గాలి తగ్గిందని చెప్పే బజర్ మోగిందంటే వెంటనే ఆపే చోటు వెతుక్కోవాలి. గాలి ఇంకా పడితే వెనక చక్రాలను స్ప్రింగులే పట్టేస్తాయి, అది మలుపులో జరగకూడదు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపమని ఎవరైనా చెబితే వినకు. వాలులో వేగం అందుకున్న బండికి గేరు మళ్లీ పడదు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, గాలి నిండదు. కాలిన వాసన వస్తే చదునైన చోట ఆపి, దిమ్మలు పెట్టి చల్లారనివ్వు. వేడి డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగులుతుంది.

ఇరుకు మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకుపోతాయి, అందుకే ముందు భాగాన్ని బయటికి తీసుకెళ్లి తిప్పాలి. రోడ్డు చాలకపోతే ఎక్కే బండికే దారివ్వాలి. సెమిలిగుడ, కుందులి సంత రోజుల్లో ఎడమ అద్దం మీదే కన్నుండాలి, ఆ వైపు బండి పక్కన నడిచేవాళ్లు సీట్లోంచి కనపడరు. రివర్స్‌లో క్లీనర్ అద్దంలోంచి మాయమైతే ఆపెయ్. చలికాలం పొగమంచులో డిమ్ లైట్లే వెయ్యి.

కాగితాల పని కూడా ఆ నెలలోనే నేర్చుకో. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం) గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. బండి పాడై ఆగిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పెంచుకోవచ్చు. వెంటనే ఆఫీసుకు ఫోన్ చెయ్. పది టైర్ల బండికి సరుకుతో కలిపి 28.5 టన్నులు దాటకూడదు. దాటితే జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. కాటా చీటీ చూడకుండా లోడు తీసుకోకు. లోడు ఎక్కువైతే ఘాటులో పైన చెప్పిన గేరు లెక్కలు కూడా తప్పుతాయి.

బత్తా ఎంత, జరిమానా ఎవరు కట్టాలి, టైరు పేలితే ఎవరి ఖర్చు అన్నవి ఎక్కేముందే ఓనర్‌తో తేల్చుకో. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం రోజుకు 8 గంటల పని, వరసగా 5 గంటలకు మించి పని చేయకుండా మధ్యలో అరగంట విశ్రాంతి ఉండేది. లైన్లో అంతా ఇలాంటివి పాటించరన్నది నిజమే. అయినా తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుంటే టీ తాగి లాగించకు. సుంకి ఘాటు పైనే ఆపుకుని పడుకో, వెలుతురు వచ్చాక దిగు.