లక్ష రూపాయల్లో వజ్రపుటుంగరం: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నిశ్చితార్థానికి అమ్మాయికి వజ్రపుటుంగరం పెట్టాలనుకుంటున్నావనీ, చేతిలో లక్షకు మించి లేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బీసెంట్ రోడ్డులో నగల షాపు కౌంటరు వెనక ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఆ డబ్బుకు మంచి ఉంగరమే వస్తుంది. దీనికోసం అప్పు చేయకు, చీటీ పాడకు. పెళ్లి ఖర్చులు ఇంకా మొదలే కాలేదు.

ముందు మీ అమ్మ చేత ఒక మాట అడిగించు. వజ్రం అందరికీ పడదనే పట్టింపు మన వైపు పెద్దవాళ్లలో ఉంది. ఉంగరం కొన్నాక అమ్మాయి నాయనమ్మ ఆ మాట అంటే అందరికీ ఇబ్బంది.

షాపులో కూర్చోగానే నీ చెవిన పడేది "ఈఎఫ్ వీవీఎస్". ఈ, ఎఫ్ అనేవి రంగు గ్రేడ్లు. వీవీఎస్ అంటే రాయిలో మచ్చలు దాదాపు లేవని. రెండూ మంచివే, కానీ రేటు కూడా అలాగే ఉంటుంది. జీ, హెచ్ రంగు రాయిని పసుపు బంగారంలో పొదిగితే మామూలు కంటికి తేడా తెలియదు. వీవీఎస్ కంటే ఒక మెట్టు కిందిదైన వీఎస్ రాయిలో మచ్చ, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి వెతికితే గానీ దొరకదు. కంటికి ఆనని వాటికి డబ్బు పోయకు నాన్నా, ఆ డబ్బు కట్, అంటే రాయిని చెక్కిన తీరు మీద పెట్టు. రాయి మెరవాలంటే దాని మీద పడిన వెలుగు మళ్లీ పైకే రావాలి. అందుకు చెక్కిన పలకల కోణాలు కుదరాలి. లోతు ఎక్కువైనా తక్కువైనా వెలుగు కిందకో పక్కకో జారిపోయి, రంగు ఎంత తెల్లగా ఉన్నా రాయి కళ లేకుండా కనిపిస్తుంది. సర్టిఫికెట్లో కట్ ఎదురుగా 'ఎక్సలెంట్' అని ఉన్న గుండ్రటి రాయి అడుగు.

షాపు ఫోకస్ లైట్ల కింద గాజుముక్క కూడా తళుక్కుమంటుంది. ఉంగరాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి, నీడపట్టున పగటి వెలుగులో చూడు. మంచి షాపువాళ్లెవరూ కాదనరు.

కారెట్ అంటే 100 సెంట్లు, బరువులో 0.2 గ్రాము. 30, 50 సెంట్ల దగ్గరా, కారెట్ దగ్గరా రేటు ఒక్కసారిగా ఎగురుతుంది. నీ డబ్బుకు 30 సెంట్ల రాయి చూపిస్తారు. 28, 29 సెంట్లలో ఉందా అని అడుగు. 30 సెంట్ల రాయి అడ్డంగా 4.3 మిల్లీమీటర్లు ఉంటుంది, 28ది దానికంటే ఒక్క పిసరు తక్కువ, వేలికి పెట్టాక ఎవరూ కనిపెట్టలేరు. "గోల్కొండ రాయి" అని కథ చెప్పి రేటు పెంచబోతే వినకు. ఆ వజ్రాలు దొరికిన మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనులు ఏనాడో ఆగిపోయాయి, ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. షాపుల్లో మనం చూసేవి చాలావరకు సూరత్‌లో సానపట్టినవి.

వజ్రాలను పరీక్షించే ల్యాబులు జీఐఏ గానీ ఐజీఐ గానీ ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే లేచి వచ్చెయ్యి. చాలా రాళ్లకు అంచు మీద ఆ సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది, భూతద్దంలో చూపించమను. ల్యాబ్‌లో పెంచిన వజ్రమా, భూమిలో దొరికిందా అన్నది కూడా ఆ కాగితమే చెప్పాలి. షాపుల్లో ఉండే మామూలు టెస్టర్ పెన్ను రెండింటినీ వజ్రమనే చూపిస్తుంది. ల్యాబ్ వజ్రం కూడా అసలైన వజ్రమే, చెప్పకుండా అమ్మితేనే మోసం. అదే డబ్బుకు చాలా పెద్ద రాయి వస్తుంది, కానీ తిరిగి ఇవ్వబోతే పెద్దగా ఏమీ రాదు. పెట్టుకునేది ఆ అమ్మాయి కాబట్టి ఏది కావాలో తననే అడుగు.

బంగారం 18 కారెట్లది తీసుకో (ఇక్కడ కారెట్ అంటే బరువు కాదు, స్వచ్ఛత). 22 మెత్తన, రాయిని పట్టుకునే కొక్కేలు వంగిపోతాయి. వెనక మూసేసిన సెట్టింగ్ వద్దు, రాయి అడుగు కనిపించాలి. ఉంగరాన్ని పట్టుచీర కొంగు మీద మెల్లగా రుద్ది చూడమను. పోగు లాగిందంటే ఏదో కొక్కెం సరిగ్గా కూర్చోలేదని అర్థం, అక్కడికక్కడే సరిచేయించు. హాల్‌మార్క్ పక్కనున్న అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడు హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు.

ఎస్టిమేషన్ చీటీ చేతికి రాగానే నెట్ వెయిట్ చూడు. మొత్తం బరువులోంచి రాయి బరువు తీసేశాకే బంగారం రేటు కట్టాలి. తరుగు, మజూరీ కూడా ఆ నెట్ మీదే వేయాలి. అసలు బేరం ఆడాల్సింది ఈ రెండింటి దగ్గరే, గట్టిగా అడుగు, తగ్గిస్తారు. పైన జీఎస్టీ 3 శాతం. తిరిగి ఇస్తే వజ్రానికి ఎంత కోస్తారో బిల్లు మీదే రాయించుకో, నోటిమాట పనికిరాదు.

వేలి కొలత సాయంత్రం పూట తీయించు. మన బెజవాడ ఎండలకు వేళ్లు ఉబ్బుతాయి, పొద్దున సరిపోయింది సాయంత్రానికి బిగుసుకుంటుంది.

బందరు రోడ్డులో ఒకటి, గవర్నర్‌పేటలో ఒకటి, రెండు షాపుల చీటీలు తీసుకుని ఆదివారం ఇంటికి రా. డబ్బు కట్టేలోపు ఇద్దరం కూర్చుని చూద్దాం. సర్టిఫికెట్లను రెండు పక్కలా ఫోటో తీసుకురావడం మర్చిపోకు.

మీ మావయ్య
విజయవాడ